కొండగట్టుకు వచ్చే కుటుంబాలు

జగిత్యాల జిల్లా ముత్యంపేట దగ్గర ఘాట్ రోడ్డెక్కితే కొండగట్టు అంజన్న గుడి. మతిస్థిమితం లేనివాళ్లు ఇక్కడ కొన్నాళ్లుంటే బాగుపడతారని తరతరాల నమ్మకం. అలా వచ్చిన కుటుంబాలతో మాట్లాడదామని వెళ్లాను.

కోనేటి దగ్గర ఒక తల్లి ఎదిగిన కొడుక్కి తానం చేయిస్తోంది. ఒక చేత్తో చెంబు, ఇంకో చేత్తో అతని మణికట్టు. తడిబట్టలతోనే ప్రదక్షిణలకు బయల్దేరారు. అతను ఆగిన చోటల్లా తనూ ఆగి, "నడువు కొడుకా, అంజన్న చూస్తుండు" అంటోంది.

నీడన కూర్చున్నాక సంచి విప్పింది. కొబ్బరి చిప్పల కింద దవాఖాన చీటీలు, సగం వాడిన గోలీల షీటు.

"మందు ఆపినవా అమ్మా?"

"నిమ్మళమైండని ఆపినం బిడ్డా. మళ్ల తిరగబెట్టింది. పట్నం పోవాలంటే కూలి పాయె, కిరాయిలాయె. ఊళ్లె పిచ్చోడని నవ్వుతరు. ఈడ ఎవ్వరు నవ్వరు."

ఆ చివరి మాట చాలా బరువైంది. నవ్వని చోటు మేలు చేస్తుందనడానికి ఆధారమూ ఉంది. తమిళనాడులోని ముత్తుస్వామి గుడిలో ఉన్న 31 మంది రోగులను నిమ్హాన్స్ వైద్యులు పరిశీలించి 2002లో ఫలితాలు ప్రచురించారు. సగటున ఆరు వారాల్లో వ్యాధి లక్షణాల స్కోరు దాదాపు 20 శాతం తగ్గింది. ఆదరణ, భయం లేని చోటు, పక్కన తోడు రోగికి మేలు చేస్తాయి. కానీ స్కిజోఫ్రీనియా లాంటి జబ్బుల్లో మందు మానేస్తే తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ. పైగా ఆదరణ లేని చోట నమ్మకం ప్రాణాల మీదికి తెస్తుంది. 2001లో తమిళనాడులోని ఎర్వాడిలో గొలుసులతో కట్టేసిన రోగులు మంటల్లో చిక్కుకుని చనిపోయారు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులను నిషేధించింది. వైద్యం కోసం ఎవరూ దూరాలు తిరగనక్కర్లేకుండా చూడాలని ప్రభుత్వాలను ఆదేశించింది. 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ టెలి మానస్ సేవ ద్వారా మానసిక ఆరోగ్య సలహా ఉచితం. ఈ సంగతులు ఆ తల్లికి చెప్పినవాళ్లు లేరు.

గుజరాత్‌లోని ఉనావా మీరా దాతార్ దర్గాలో 2008 నుంచి 'దవా–దువా' (మందు–ప్రార్థన) పేరుతో దర్గా సేవకులైన ముజావర్లే రోగులను అక్కడున్న వైద్యుడి దగ్గరికి పంపుతున్నారు. కొండగట్టుకు కావలసింది అలాంటి ఏర్పాటే. "అంజన్నకు మొక్కుకో, గోలీ మాత్రం ఆపకు" అని పూజారి చెబితే ఏ తల్లీ కాదనదు. బిడ్డ కోసం కొండెక్కిన ఆమె తన వంతు చేసింది. ఆ దారిలో వైద్యుణ్ణి కూర్చోబెట్టడం సర్కారు వంతు.