నాయనమ్మ దగ్గు

మా నాయనమ్మకు దగ్గు జబ్బేమీ లేదు. ఎనభై ఏళ్లు బతికినా ఆయాసమనో ఉబ్బసమనో ఏ డాక్టరు గడపా తొక్కలేదు. టీవీ ముందు కూర్చుంటే మాత్రం దగ్గేది. అదీ అస్తమానూ కాదు. శనివారం సాయంత్రం దూరదర్శన్‌లో తెలుగు సినిమా వస్తున్నప్పుడు, పాటలో హీరో హీరోయిన్ దగ్గరికి ఇంకో అడుగు వేస్తాడనగా, సరిగ్గా ఆ చరణం దగ్గర ఆవిడ గొంతుకు ఏదో అడ్డం పడేది. ఖళ్లుఖళ్లుమనేది. "మంచినీళ్లు తెండిరా" అని మా అమ్మ కేకేసేది. పిల్లల్లో ఎవరో ఒకళ్లం వంటింట్లోకి పరుగెత్తేవాళ్లం. చెంబుతో తిరిగొచ్చేసరికి పాట అయిపోయేది. నాయనమ్మ రెండు గుక్కలు తాగి, ఏమీ ఎరగనట్టు, "ఎందాకా వచ్చిందిరా కథ?" అని అడిగేది.

ఇప్పుడు దాన్ని పేరెంటల్ లాక్ అంటున్నారు. నాలుగంకెలు నొక్కితే తెరుచుకుంటుందట.

మాది నకరికల్లు. నరసరావుపేటకు దగ్గర, సాగర్ కుడి కాలువ నీళ్లతో మిరపా పత్తీ పండే నేల. 1987 జనవరి 25న దూరదర్శన్‌లో రామాయణం మొదలైననాటికి నాకు పదిహేడేళ్లు. మా వీధి మొత్తమ్మీద టీవీ రెండిళ్లలో ఉండేది, అందులో ఒకటి మాది. ఆదివారం పొద్దున తొమ్మిదిన్నర అవుతుందనగా మా వాకిట్లో చెప్పులు గుట్టపడేవి. ముందు చాప మీద పిల్లలు, వెనక మంచాల మీద మగవాళ్లు, గుమ్మానికి ఆనుకుని ఆడవాళ్లు, నడిమధ్యన పీట మీద నాయనమ్మ. హిందీ ఒక్కరికీ రాదు. అయితేనేం, రాముడి కథ తెలియనిదెవరికి? గాలికి యాంటెన్నా తిరిగిపోతే డాబా ఎక్కి దాన్ని సర్దుతూ "వచ్చిందా? ఇప్పుడొచ్చిందా?" అని అరవడం నా వంతు. నేను దిగేలోపు సీత అశోకవనం చేరిన వారాలు కూడా ఉన్నాయి.

సినిమావాళ్ల రిక్షాలు మైకు పెట్టుకుని తిరిగే రోజుల్లో గులాబీరంగు కరపత్రాలు వెదజల్లుతూ ఒక మాట అనేవాళ్లు, "సకుటుంబ సపరివార సమేతంగా విచ్చేసి" అని. ఆ మాటలో సకుటుంబం మాత్రమే ఉంటే చాలదు, సపరివారమూ ఉండాలి. మా టీవీకి పరివారమంటే ఎదురింటి కాపు, వెనకింటి మేస్త్రి, కాలువ గట్టు మీద పనిచేసే లస్కరూ, అతని ఆరుగురు పిల్లలూ. ఇంతమందిలో ఎవరికీ ఎవరి ముఖం చూడలేని ఇబ్బంది రాకూడదు. ఆ బాధ్యతంతా నాయనమ్మ గొంతు మీద ఉండేది.

ఆవిడ దేనికి దగ్గేదో మాకు కంఠతా వచ్చు. వానపాటకు తప్పనిసరి. విలన్ చేసే వెకిలి నవ్వుకు ఒకసారి. కుటుంబ నియంత్రణ ప్రకటనలో ఎర్ర త్రికోణం కనపడగానే రెండుసార్లు. అది సర్కారువారిదే అయినా సరే, ఆవిడ దగ్గర సర్కారుకు మినహాయింపు లేదు. దేనికి దగ్గేది కాదో మాత్రం అప్పట్లో ఎవరమూ లెక్క రాయలేదు. ఆ లెక్క నాకు మొన్న వేసవిలో తేలింది. చివర్లో చెబుతాను.

దగ్గు అవసరం లేని కార్యక్రమాలూ ఉండేవి. మా పక్కనే ముప్పాళ్ల మండలం చాగంటివారిపాలెంలో పుట్టిన బ్రహ్మానందం గారు సినిమాల్లో పేరు తెచ్చుకోకముందు దూరదర్శన్ 'పకపకలు'లో కనిపించారు. మావైపు మనిషి టీవీలో కనపడితే ఊరు ఊరంతా దాన్ని సొంత విషయంగానే చూసింది. 1995లో ఈటీవీ, జెమినీ వచ్చాయి. చానళ్లు పెరిగేకొద్దీ నాయనమ్మ గొంతుకు విరామం తగ్గింది. ఆ మరుసటి సంవత్సరం బాలసుబ్రహ్మణ్యం గారి 'పాడుతా తీయగా' పాటల పోటీ మొదలైతే, "ఈ పిల్లల కోసమైనా కేబుల్ ఉంచండిరా" అంది. ఆవిడ నోటివెంట కేబుల్ గురించి వచ్చిన మంచిమాట అదొక్కటే. 2001లో మొదలై ఆరేళ్లపాటు జెమినీలో నడిచిన 'అమృతం' చూసే యోగం ఆవిడకు లేకపోయింది. గుణ్ణం గంగరాజు గారి ఆ హోటలు కథ 313 భాగాల్లో, నాకు గుర్తున్నంతవరకూ, ఎక్కడా మంచినీళ్ల చెంబుతో పని పడలేదు.

తర్వాత టీవీకి ఒక అరుగు వచ్చింది. నేను వెబ్‌సైటును అలాగే అర్థం చేసుకున్నాను. కార్యక్రమం ఇల్లయితే, సైటు ఆ ఇంటి ముందరి అరుగు. లోపల కథ అయిపోయాక పిల్లలు బయటికొచ్చి ఆడుకునే చోటు. మా అమ్మాయి హైస్కూల్లో ఉండగా సెలవు రోజున నరసరావుపేట తీసుకెళ్లమని పేచీ పెట్టేది. సినిమాకు కాదు, నెట్ సెంటరుకు. కార్టూన్ చానళ్ల సైట్లలో బొమ్మల ఆటలు ఉండేవట. గంటకు ఇంతని కట్టి, దాన్ని ఒక చెక్క గదిలో కూర్చోబెట్టి, నేను దాని వెనక స్టూలు వేసుకుని కూర్చునేవాణ్ణి. పక్క గదిలో తలుపు వేసుకుని కూర్చున్న కాలేజీ కుర్రాళ్లు ఏం చూస్తున్నారో నాకు తెలియకపోలేదు. గొంతు సవరించుకుంటే వాళ్లు ఉలిక్కిపడేవాళ్లు. నాయనమ్మ దగ్గు నాకు సంక్రమించిందని మొదటిసారి తెలిసింది అక్కడే. పిల్ల మాత్రం ఎలుకను పిల్లికి దొరక్కుండా పరుగెత్తించడంలో లోకాన్ని మరిచిపోయేది. ఆ ఆటల్లో చాలామటుకు ఫ్లాష్ అనే సాఫ్ట్‌వేర్ మీద నడిచేవట. 2020 డిసెంబరు 31తో దాన్ని తయారుచేసినవాళ్లే నిలిపేశారు. గుడారాలెత్తుకుపోయిన టూరింగ్ టాకీసు చోటులా, ఆ అరుగులకు ఇప్పుడు ఆనవాళ్లు కూడా లేవు.

అరుగు పోలేదు లెండి, ఇల్లే అరుగు మీదికి వచ్చేసింది. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి చేతుల మీదుగా ఏపీ ఫైబర్‌నెట్ మొదలైంది. నెలకు 149 రూపాయలకే టీవీ, ఇంటర్నెట్టు, ఫోను ఒక్క తీగలో ఇస్తామన్నారు. ఒక్క తీగ అన్నమాటే అసలు కథ. టీవీ ఎక్కడ అయిపోయిందో, సైటు ఎక్కడ మొదలైందో చెప్పడానికి మధ్యన గడప లేకుండా పోయింది.

దాని మేలు నేను కాదనను. 2021లో మా మిరప చేలకు నల్ల తామర పురుగు పట్టింది. పూతలో దూరి రసం పీల్చేస్తుంటే ఎకరాలకు ఎకరాలు పూత రాలి ముడుచుకుపోయాయి. అంతకుముందు మేమెరిగిన తామర పురుగు ఆకునే పట్టేది, ఇది పువ్వును పట్టింది. తెల్లారగట్ల టీవీలో 'అన్నదాత' చూసే అలవాటు నాకు మొదటినుంచీ ఉంది. కానీ టీవీలో శాస్త్రవేత్త పురుగును చూపించే క్షణం రెప్పపాటు. అదే ఫోనులో పెట్టుకుని చేలోకి వెళ్లి, బొమ్మ దగ్గర ఆపి, పక్కన మిరప పువ్వు విప్పి పోల్చి చూశాం. నేనూ, మా ఆవిడా, కోతకు వచ్చిన కూలీలూ, అందరం ఒక్క ఫోను మీద తలలు వంచాం. నీలిరంగు జిగురు అట్టలు ఎక్కడ కట్టాలో అలాగే చూసి కట్టాం. పంట పూర్తిగా దక్కిందని చెప్పను. ఇంటిల్లిపాదీ చూడదగ్గది అన్నమాటకు నా మటుకు నాకు ఆ రోజు చేలో వంగిన తలలే గుర్తొస్తాయి.

ఆ సంవత్సరమే ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వం నెట్‌లో వచ్చే సినిమాలకూ సీరియళ్లకూ వయసు ముద్రలు పెట్టమంది. అందరికీ యు, తర్వాత యు/ఎ 7+, 13+, 16+, పెద్దలకు ఎ. పదమూడు నుంచి పైవాటికి తాళం వేసుకునే వీలు కల్పించాలంది. 2023లో వచ్చిన డిజిటల్ సమాచార రక్షణ చట్టం పిల్లల వివరాలు పుచ్చుకోవాలంటే పెద్దల ఒప్పుదల కావాలనీ, పిల్లలకు గురిపెట్టి ప్రకటనలు విసరకూడదనీ చెప్పింది. మంచివే. మా అమ్మాయి కూడా హైదరాబాదు నుంచి వచ్చినప్పుడు మా టీవీకి తాళం వేసి వెళ్లింది. పదేళ్ల మనవరాలు రెండో రోజే దాన్ని తీసేసింది. ఎలా తీశావే అంటే, "అమ్మ ఎక్కడైనా నా పుట్టినరోజే పెడుతుంది తాతయ్యా" అంది. లోకంలో తల్లిదండ్రులందరూ పిల్లలనుంచి టీవీని కాపాడుకోవడానికి పిల్లల పుట్టినరోజునే తాళంచెవిగా పెడుతున్నారన్న సంగతి చట్టం రాసినవాళ్లకు తట్టినట్టు లేదు.

తాళం సంగతి అటుంచి, అమ్మాయివాళ్లు మా టీవీలో పెట్టిన సినిమాల యాప్ తెరవగానే ఒక ప్రశ్న వేస్తుంది. "ఎవరు చూస్తున్నారు?" కింద గుండ్రటి ముఖాలు. ఒకటి అల్లుడిది, ఒకటి అమ్మాయిది, ఒకటి పిల్లలది. ఒక్కదాన్నే నొక్కాలి. 1987లో ఈ ప్రశ్న మా ఇంట్లో ఎవరైనా అడిగి ఉంటే లస్కరు పిల్లలతో సహా "అందరం" అని అరిచి ఉండేవాళ్లం. అందరమనే ముఖం అక్కడ లేదు.

పిల్లల పక్కన పెద్దవాళ్లు ఉండాలన్నది నా చాదస్తం మాత్రమే కాదు. అమెరికాలో 1969లో మొదలైన పిల్లల టీవీ కార్యక్రమం 'సెసమీ స్ట్రీట్' వాళ్లకు పిల్లలను నవ్వించే బొమ్మలు పుష్కలంగా ఉన్నా, పెద్ద నటులనూ గాయకులనూ పిలిపించేవారు, పెద్దలకు మాత్రమే అందే చమత్కారాలు కలిపేవారు. తల్లిదండ్రులు వంటింట్లోకి జారుకోకుండా పిల్లల పక్కనే కూర్చోవాలని. మన హైదరాబాదులో రాజీవ్ చిలక గారి గ్రీన్ గోల్డ్ సంస్థలో పుట్టి, 2008 నుంచి పోగో చానల్లో లడ్డూలు తింటున్న ఛోటా భీమ్ పక్కన కూర్చోవడం నాలాంటివాళ్లకు కష్టమేమీ కాదు. కష్టమల్లా ఒకటే, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఫోను పొట్ట మీద పెట్టుకున్న పిల్ల పక్కన చోటు ఎక్కడుంటుంది?

2024 నవంబరులో ప్రసార భారతి 'వేవ్స్' అని ఒక వేదిక తెచ్చింది. కుటుంబ వినోదమన్న మాటనే బోర్డు మీద రాసుకుంది. పాత రామాయణం అందులో ఉందని తెలిసి ఒక ఆదివారం పెట్టించాను. మా మండలంలోనే చేజర్ల ఉంది. అక్కడి కపోతేశ్వరాలయం ఒకప్పుడు బౌద్ధ చైత్యం. ఏనుగు వీపు లాంటి ఆ కప్పు అలాగే ఉంది, లోపల మాత్రం శివుడు వెలిశాడు. రామాయణం విషయంలో అది తిరగబడింది. దేవుడు ఆయనే, గుడి మారింది. చెప్పుల గుట్ట లేదు. నేనూ మా ఆవిడా ఇద్దరమే కూర్చున్నాం. మనవరాలు కాసేపు నిలబడి చూసి, "బాణం వెళ్లడానికి ఇంతసేపా?" అని వెళ్లిపోయింది.

ఆ సాయంత్రమే జరిగింది నేను చెబుతానన్నది. మనవరాలు ఫోను చార్జింగ్‌కు పెట్టి, పెద్ద టీవీలో ఏదో సీరియల్ పెట్టుకుంది. చానల్లో ఎప్పుడో వచ్చినదే, సైటులో మళ్లీ చూడొచ్చు. చెవుల్లో ఏమీ లేవు. నేను మంచం మీదనుంచి చూస్తున్నాను. పాటలు లేవు, వాన లేదు, త్రికోణం లేదు. నాయనమ్మ ఉంటే కుదురుగా కూర్చుని చూసేది. అంతలో మొగుడు పెళ్లాం ఏదో మాటకు మాట అనుకున్నారు. అతను చెయ్యెత్తాడు.

నాకు దగ్గొచ్చింది.

దగ్గుతూనే గుర్తొచ్చింది. ఇలాంటి చెంపదెబ్బలు శనివారం సినిమాల్లో ఎన్ని చూశామో. హీరో కొట్టడం, ఆమెకు బుద్ధి రావడం, కాళ్ల మీద పడడం, గుమ్మం దగ్గర ఆడవాళ్లు కొంగుతో కళ్లు ఒత్తుకోవడం. అప్పుడు నాయనమ్మ గొంతుకు ఏదీ అడ్డం పడేది కాదు. నీళ్లు తెమ్మని మా అమ్మా కేకేసేది కాదు. మేమందరం, పదిహేడేళ్ల నాతో సహా, సకుటుంబ సపరివారంగా కళ్లార్పకుండా చూశాం.

"నీళ్లు తెస్తానుండు తాతయ్యా" అని మనవరాలు లేచింది. పిల్ల మంచిదే, ఒకళ్లు చెప్పకుండానే లేచింది. కానీ లేచేముందు రిమోట్ నొక్కి బొమ్మను ఆపింది. దూరదర్శన్ రోజుల్లో చెంబు తెచ్చేలోపు పాట అయిపోయేది. ఇప్పుడు ఏదీ అయిపోదు. వంటింట్లో గ్లాసు చప్పుడైంది, కుండ మీద మూత తీసిన చప్పుడైంది. తెర మీద అతని చెయ్యి అలాగే లేచి ఉంది, ఆమె ముఖం అలాగే పక్కకు తిరిగి ఉంది.

నీళ్లిచ్చి పిల్ల నా మంచం మీదే కూర్చుంది. టీవీ వంక చూసి, "ఆంటీని ఎందుకు కొడుతున్నాడు?" అని అడిగింది.

నేను రెండు గుక్కలు తాగాను. ఏమీ ఎరగనట్టు, "ఎందాకా వచ్చిందే కథ?" అని అడగొచ్చు. నాయనమ్మ నేర్పిన విద్యే. మిగిలిన నీళ్లు కూడా తాగాను. గ్లాసు ఖాళీ అయింది. ఆ చెయ్యి దిగలేదు. పిల్ల రిమోట్ ముట్టుకోలేదు.

"రా, ఇటు తిరిగి కూర్చో, చెబుతాను" అన్నాను.