ఈటె మీద ఏరు దాటిన పిల్ల

రోమ్ నుంచి నేపుల్స్ వైపు రైల్లో గంటసేపు వెళితే ప్రివెర్నో. ఆ చుట్టుపక్కలే పారుతుంది అమసేనో ఏరు. క్రీ.పూ. 19లో కన్నుమూసిన వర్జిల్ తన 'ఈనియడ్' కావ్యంలో చెప్పిన కథ ఇక్కడిదే. శత్రువులు తరుముతుంటే మెటాబస్ రాజు పసికందు కమిల్లాను ఈటెకు కట్టి ఆవలి ఒడ్డుకు విసిరాడు. పొంగుతున్న ఏట్లో తానూ దూకి ఈదాడు.

బతికించిందీ ఈటే, చంపిందీ ఈటే! పెద్దయ్యాక గుర్రమెక్కి యుద్ధానికెళ్లిన కమిల్లా, బంగారు శిరస్త్రాణం పెట్టుకున్న పూజారి క్లోరియస్ వెంటపడి, పొంచి ఉన్న అరన్స్‌ను చూసుకోలేదు.

1502లో స్ట్రాస్‌బర్గ్‌లో రెండొందలకు పైగా కొయ్యచ్చు బొమ్మలతో వర్జిల్ పుస్తకం వెలువడింది. తర్వాతి శతాబ్దాల్లోనూ చిత్రకారులు కమిల్లా నేలకొరిగే క్షణాన్ని గీశారు. బొమ్మకు అందనిది ఆమె చివరి మాట. దిగిన ఈటెను పీకలేక, నెచ్చెలిని పిలిచి, టర్నస్‌ను వచ్చి నగరాన్ని కాపాడమని కబురంపింది.

ఆ నెచ్చెలి పేరు అక్కా.