మొద్దు అనే ముందు

చదవలేని పిల్లవాడికి మన బడులు తరతరాలుగా వాడుతూ వచ్చిన మందులు మూడు: బెత్తం, గోడకుర్చీ, ట్యూషను. మొదటి రెండూ ఈనాడు చట్టం ఒప్పనివి. మూడవది మాత్రం నిరాటంకంగా సాగుతున్నది. మా మనవడి విషయంలో అది రెండేళ్ళు సాగింది.

వాడు మా అమ్మాయి కొడుకు. తొమ్మిదో ఏడు నడుస్తున్నది. హనుమకొండలో ఒక ఇంగ్లీషు మీడియం బడిలో నాలుగో తరగతి. శతక పద్యం ఏదైనా రెండుసార్లు వినిపిస్తే చాలు, యతి దగ్గర ఆగి మరీ అప్పజెప్పుతాడు. పుస్తకం ఒళ్ళో పెట్టుకొని, వేలు పెట్టి చదువుతున్నట్టే ఉంటాడు. కాస్త గమనిస్తే, నోరు నాలుగో పాదంలో ఉండగా వేలు ఇంకా రెండో పాదంలోనే ఉంటుంది! అదే పుస్తకంలో వినని పుట ఒకటి తీసి ఇస్తే నుదుట చెమట పడుతుంది. ప, వలు తారుమారు. కలము కమలమవుతుంది. క్రావడి, వట్రుసుడి ఒకటే. 'శాస్త్రము' దగ్గరికి వచ్చేసరికి దాహం వేస్తుందంటాడు. నోటిలెక్కలలో మాత్రం తరగతిలో వాడిదే ముందు వరుస. డైరీలో టీచరుగారి వ్యాఖ్య ఎప్పుడూ ఒకటే: శ్రద్ధ లేదు.

ఈ లక్షణాల పిల్లవాడిని గురించి 1896 నవంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రింగిల్ మోర్గన్ అనే ఇంగ్లీషు వైద్యుడు రాశాడు. ఆ బాలుడి పేరు పెర్సీ, వయసు 14 ఏళ్ళు. ఏడేళ్ళ చదువు తరువాత కూడా తన పేరులోని అక్షరాలనే తారుమారు చేసి రాశాడు. కానీ 749ని 867తో గుణించమంటే చకచకా గుణించి చూపాడు. బోధనంతా నోటిమాటగానే సాగితే బడి మొత్తంలో వీడే మేటి అయ్యేవాడని వాడి పంతులు చెప్పాడట. ఆ పంతులు పేరు నాకు తెలియదు గాని, నూటికి నూరుపాళ్ళూ మా కులంవాడు. అంటే ఉపాధ్యాయకులం అని నా భావం. ఈ స్థితికి 'డిస్లెక్సియా' అన్న పేరు అంతకు ముందే జర్మనీ నేత్రవైద్యుడు రుడాల్ఫ్ బెర్లిన్ పెట్టి ఉన్నాడు. అయితే ఇది కంటి జబ్బు కాదు, బుద్ధిమాంద్యమూ కాదు. చెవిన పడ్డ ధ్వనికీ కంటికి కనబడ్డ అక్షరానికీ ముడి పడడంలో వచ్చే చిక్కు. ఒకే వంశంలో పలువురికి ఉండడమూ కద్దు.

మన లిపి సంగతి ఇక్కడ కొంత చెప్పాలి. ఇంగ్లీషుకు 26 అక్షరాలే, కానీ రాసేదొకటి, పలికేదొకటి. మనకు రాసిందే పలుకు, కానీ గుణింతాలూ ఒత్తులూ కలుపుకొంటే పిల్లవాడు ఆనవాలు పట్టవలసిన ఆకారాలు వందల్లో ఉంటాయి. మనకు సోదరలిపి అయిన కన్నడం చదివే పిల్లల మీద సోనాలి నాగ్ 2007లో ప్రకటించిన పరిశోధన ప్రకారం, అక్షరాలన్నీ పట్టుబడడానికి నాలుగో తరగతి దాకా పడుతుంది. కనుక రెండో తరగతి పిల్లవాడు సంయుక్తాక్షరం దగ్గర తడబడ్డాడని కంగారు పడనక్కర లేదు. తోటివారందరూ దాటిపోయాక కూడా ఒకడే తలకట్టు, కొమ్ముల దగ్గర ఆగిపోతే మాత్రం వాడిని పరీక్ష చేయించాలి.

చేయించాము. మొదట ఊళ్ళోనే చెవి, కన్ను చూపించాము. రెండూ భేషుగ్గా ఉన్నాయన్నారు. తరువాత మా ఊళ్ళోనే ఒకచోట గంటసేపు ఇంగ్లీషు పేరాలు చదివించి కాగితం ఇచ్చారు. అది నాకు రుచించలేదు. ఇంట్లో తెలుగు, బడిలో అరకొర ఇంగ్లీషు గల పిల్లవాడు ఇంగ్లీషు పేరా చదవలేకపోతే, అది చదవడంలోని లోపమో ఆ భాష రాకపోవడమో ఎట్లా తేలుతుంది? ఈ సమస్య దేశమంతటా ఉన్నదే. మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రం భారతీయ భాషలకోసం 'డాలి' అనే పరీక్షాసామగ్రిని 2015లో వెలువరించినప్పుడు, మొదటి విడతలో హిందీ, మరాఠీ, కన్నడం, ఇంగ్లీషు ఉన్నాయి, తెలుగు లేదు.

కాజీపేటలో రైలెక్కి హైదరాబాదు వెళ్ళాము. ఈసారి పునరావాస మండలి, అనగా ఆర్.సి.ఐ.లో నమోదైన క్లినికల్ సైకాలజిస్టునే వెతికి పట్టుకున్నాము. ఆమె అడిగిన మొదటి ప్రశ్న, ఇంట్లో ఏ భాష మాట్లాడతారని. రెండో ప్రశ్న, మీ వంశంలో ఇంకెవరైనా చదవలేక బడి మానేశారా అని. అల్లుడు తలదించుకొని, మా చిన్నాన్న అన్నాడు. మూడు విడతలు కూర్చోబెట్టింది. మాలిన్ భారతీయ పిల్లలకోసం మలచిన ప్రజ్ఞాపరీక్ష ఒకనాడు. అక్షరాలు, పదాలు, పేరాలు, ఉక్తలేఖనం రెండు భాషలలోనూ ఇంకొకనాడు. లెక్కలు, జ్ఞాపకశక్తి మూడోనాడు. తెలివి వయసుకు తగ్గట్టే ఉన్నది. చదవడం మాత్రం రెండు భాషలలోనూ ఒకటో తరగతి మట్టంలోనే ఉన్నది.

రెండోసారి వెళ్ళేటప్పుడు, ఘన్‌పూర్ దాటాక కాబోలు, వాడు కిటికీలోంచి చూస్తూనే, "తాతా, నాకు బుర్ర లేదనే కదా డాక్టరు దగ్గరికి తీసుకుపోతున్నరు?" అన్నాడు. ఆ మాట ఆమెకు చెప్పాను. చివరినాడు ఆమె మా అందరినీ బయటికి పంపి, వాడితో పదినిమిషాలు మాట్లాడింది. ఏమన్నదో వాడు నేటికీ చెప్పడు.

అల్లుడికి మాత్రం భయం పోలేదు. "మామయ్యా, రేపు వీడి పేరు పక్కన వికలాంగుడని పడితే ఎట్లా?" అన్నాడు. అతనికి నేను చెప్పినది ఇది. సైకాలజిస్టు ఇచ్చే నివేదిక వేరు, సర్కారు ధ్రువపత్రం వేరు. నివేదిక బోధనకోసం. ధ్రువపత్రం మనం దరఖాస్తు పెట్టుకుంటేనే వస్తుంది. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఈ చిక్కుకు చోటే లేదు. 2016 చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో ఇదొకటి. మూడో తరగతిలో గాని ఎనిమిదేళ్ళకు గాని, ఏది ముందైతే అప్పుడు, బడిలోనే వడపోత జరగాలని 2018 నాటి కేంద్ర మార్గదర్శకాలు చెప్పాయి. ఆ వడపోత మా వాడి బడిలో ఎవరూ చేయలేదు. డబ్బు పెట్టుకోలేనివారికి 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ఉన్నది. పద్దెనిమిదేళ్ళ లోపువారికి ఆ జట్లు చూడవలసిన లోపాల పట్టికలో ఇదీ ఉన్నది. ప్రభుత్వ బడి పిల్లల తలిదండ్రులు పట్టుబట్టి అడగవలసిన సంగతి ఇది.

నివేదికను మా అమ్మాయి క్లాసు టీచరుకు ఇచ్చి వచ్చింది. మొన్నటి పరీక్షలో ఆవిడ ప్రశ్నలు పైకి చదివి వినిపించారట. పరిసరాల విజ్ఞానంలో వాడికి 25కు 19 వచ్చాయి. సాయంత్రాలు నా దగ్గర ఇరవై నిమిషాలు, ఇసుకపళ్ళెంలో వేలితో ఒక్కొక్క ఒత్తూ పలుకుతూ రాస్తాడు. ఇంకా య వత్తు దగ్గరే ఉన్నాము. ధ్రువపత్రం దరఖాస్తు అల్లుడి బల్ల సొరుగులోనే పడి ఉన్నది. పదో తరగతి పరీక్షలకు ఇంకా ఆరేళ్ళున్నదని అతని వాదం. గంటకు ఇరవై నిమిషాల అదనపు సమయం అప్పటికప్పుడు అడిగితే దొరకదని నా వాదం.