ఒక మోటారు సైకిలు నాకు నేర్పిన పాఠము



మా పెరటిలో రేకుల పందిరి క్రింద నొక మోటారు సైకిలు గలదు. దానికి ముందు దీపము లేదు. హారను లేదు. వెనుక వచ్చువారిని చూపు అద్దములు లేవు. నిలుపుటకు స్టాండైనను లేదు. చెక్కదిమ్మెకు ఆనించి యుంచుదుము. దానిని చూచిన మన బాలురు కొందరు "అయ్యవారూ, ఇది పాడైన బండియా?" యని యడిగిరి. పాడైనది కాదు, మార్చబడినది. ఆ మార్పులో నేనొక పొరపాటు చేసితిని. మీ లెక్కల పుస్తకములలోని తప్పులను ఎఱ్ఱసిరాతో దిద్దువాడను గనుక, నా తప్పును నేనే చెప్పుట న్యాయమని తలంచి యీ సంచికకు దీనిని వ్రాయుచున్నాను.

ఆ బండి మా అన్నగారి కుమారునిది. అతడును మన పాఠశాలలోనే చదివెను. అల్లూరికి తూర్పున ఇసకపల్లి వైపు పోవు త్రోవలలో రొయ్యల గుంటలెన్ని యున్నవో మీకు తెలియును. వాని కట్టలపై రేయింబవళ్లు తిరిగి, మేత వేయించి, నీటికి గాలి నందించు చక్రములు తిరుగుచున్నవో లేవో చూచుట యతని పని. ఆ కట్టలపై వానకాలమున బంకమన్ను, ఎండకాలమున మెత్తని యిసుక. అందుచేత అతడు, హీరో వారు 2019లో విడుదల చేసిన ఎక్స్‌పల్స్ 200 అను మట్టిత్రోవల బండి నొకదానిని పాతది కొనెను.

ఆ బండి కట్టలకై పుట్టినట్లే యుండెను. ముందు చక్రము 21 అంగుళములు, వెనుక చక్రము 18 అంగుళములు. ఇంజను అడుగునకును నేలకును నడుమ 220 మిల్లీమీటర్ల యెడము. ముందరి షాకబ్సార్బర్లు 190 మిల్లీమీటర్ల వరకు దిగి లేవగలవు. చక్రము పెద్దదగుటచే చిన్న గుంటలో కూలబడక దాటిపోవును. గుబ్బల టైరు బురదను కరచిపట్టును. హ్యాండిలు వెడల్పుగాను ఎత్తుగాను ఉండుటచే నడుపువాడు నిలుచుండియైనను బండిని అదుపులో నుంచుకొనవచ్చును.

ఒకసారి యతడు పనిమీద చెన్నై వెళ్లి, శ్రీపెరుంబుదూరు చెంతనున్న ఇరుంగట్టుకోట్టై పందెపు బాటను చూచి వచ్చెను. 1953లో స్థాపింపబడిన మద్రాసు మోటారు స్పోర్ట్స్ క్లబ్బు వారిదా బాట. 1990లో తెరువబడినది. చుట్టు సుమారు 3.7 కిలోమీటర్లు. అంతకు పూర్వము పందెములు షోలవరమున, రెండవ ప్రపంచ యుద్ధకాలపు విమానముల బాటపై జరిగెడివి. షోలవరము మన నెల్లూరు నుండి చెన్నై పోవు రహదారి మీదనే యున్నది. మా తండ్రిగారు పడుచుతనమున ఒక మారు పోయి ఆ పందెములు చూచి, ముసలితనమువరకు ఆ మాట చెప్పుచునే యుండిరి. ఆ కథలు విని పెరిగిన పిల్లవాడు "చిన్నాయనా, నా బండిని ఆ బాటకు తగినట్లు మార్చుకొందును" అని నన్నడుగగా నాకంత వింత తోపలేదు.

వింతగా తోచినది మా వదినగారికి. అన్నగారు గతించిన పిదప ఆమెకు వాడొక్కడే యాధారము. ఆమె నన్ను పిలిచి, "అబ్బాయీ, నువ్వు పూటకాపుగా నిలబడితే ఒప్పుకొంటాను, లేకుంటే లేదు" అనెను. నేను నిలబడితిని. పిల్లవానికి మూడు షరతులు పెట్టితిని. రహదారిపై వేగము పోరాదు. శిరస్త్రాణము, తోలు దుస్తులు లేక బండి యెక్కరాదు. మార్చు ప్రతి భాగమును ఎందుకు మార్చుచున్నాడో పుస్తకమున వ్రాయవలెను. పందెపు బండి క్రొత్తది కొను శక్తి మాకు లేదు. అయినను మట్టిబండిని తారుబాట కెక్కించుట లోకమున క్రొత్తది కాదు. 1979లో అమెరికాలోని కాలిఫోర్నియాలో, కొంత తారు కొంత మట్టి గల బాటపై టెలివిజను వారు పందెము పెట్టి పలు తెగల పందెగాండ్రను కలిపిరి. మట్టిబండికి తారుబాట టైర్లు తొడుగు పద్ధతి ఆ పందెము నుండియే వ్యాపించినది.

వేసవి సెలవులలో పని మొదలైనది. మా వీథి చివర షెడ్డు గల మెకానిక్కు భాయి మాకు గురువు. ఆయన మొదటి దినముననే "ఇంజను బాగుంది, దాన్ని తాకవద్దు. నేలను తాకేదంతా మార్చాలి" అనెను. తారుబాటపై గుబ్బల టైరు పనికిరాదు. గుబ్బలు వంగి జారును. పందెమునకు తగిన నున్నని వెడల్పు టైర్లు సాధారణముగా 17 అంగుళముల చక్రములకే దొరకును. కావున పాత హబ్బులకు క్రొత్త చువ్వలతో 17 అంగుళముల రిమ్ములు కట్టించితిమి.

ఇక్కడ నా లెక్క ప్రారంభమైనది. మీరును చేసి చూడుడు. పాత ముందు టైరు మీద 90/90-21 అని యుండెను. మొదటి అంకె వెడల్పు మిల్లీమీటర్లలో. రెండవది ఆ వెడల్పులో నూటికి ఎన్నవ వంతు టైరు ఎత్తో చెప్పును. మూడవది రిమ్ము అడ్డుకొలత అంగుళములలో. ఈ లెక్కను ఇరుసు నేల నుండి సుమారు 348 మిల్లీమీటర్ల యెత్తున నుండెను. క్రొత్త టైరు 110/70-17. దానితో ఇరుసు 293 మిల్లీమీటర్ల యెత్తునకు దిగెను. అనగా ముందు 55 మిల్లీమీటర్లు తగ్గెను. వెనుక 120/80-18 పోయి 140/70-17 వచ్చుటచే తగ్గినది 11 మాత్రమే. బండి ముక్కు 44 మిల్లీమీటర్లు వంగినది. రెండు ఇరుసుల నడుమ దూరము 1,410 మిల్లీమీటర్లు గనుక ఆ వంపు రెండు డిగ్రీలకు కొంచెము తక్కువ.

ఇంతవరకు లెక్క సరియే. నేలకు దగ్గరైన బండి మలుపున స్థిరముగా నుండునని సంతోషించితిని. అంతటితో నిలువక, పందెపు బండ్ల చిత్రములలో ముక్కు వంగియుండుట చూచి, ఫోర్కు గొట్టములను పట్టీలలో మరి 20 మిల్లీమీటర్లు పైకి జరిపించితిని. భాయి తల యూచి, "అయ్యవారూ, ఇంత దించితే హ్యాండిలు నిలవదేమో. స్ప్రింగులు కూడా మెత్తగా ఉన్నాయి" అనెను. నేను కాగితముపై అంకెలు చూపి యాయనను ఊరకుండజేసితిని. స్ప్రింగులకు డబ్బు తరువాత చూతమంటిని. చదువుకొన్నవాని మాటకు ఎదురు చెప్పుట కాయన వెనుదీసెను. ఆ మౌనమును నేను ఒప్పుదలగా నెంచితిని.

మూతబడిన యొక బియ్యపు మిల్లు సిమెంటు కళ్లముపై తొలి పరీక్ష. పిల్లవాడు రెండు చుట్లు చక్కగా తిరిగెను. మూడవ చుట్టున కొంచెము వేగముగా వచ్చి కొనయందు బ్రేకు పట్టగానే ముందు భాగము కూలబడి, హ్యాండిలు ఇటునటు కొట్టుకొనసాగెను. అది ఆగలేదు. బండి యొకవైపు, వాడొకవైపు పడిరి. తోలు దుస్తులు, శిరస్త్రాణము ఉన్నందున ప్రాణమునకు భయము లేకపోయెను గాని కాలరు ఎముక విరిగెను.

ఆసుపత్రిలో వాడు తల్లితో "నా చెయ్యి జారిందమ్మా" అనెను. నన్ను కాపాడుటకే యట్లనెనని నాకు తెలియును. నేను తల వంచుకొని యూరకుంటిని. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పరీక్షలో ప్రక్కవాని తప్పు తనపై వేసికొన్న బాలుని నేను మెచ్చుకొందును గాని, దానిని చూచియు మాటాడక కూర్చున్న ప్రక్కవానిని శిక్షింపక విడువను. తెల్లవారగానే వదినగారి యింటికి పోయి, "వదినా, జారింది వాడి చెయ్యి కాదు. నా లెక్క. భాయి చెప్పినా నేను వినలేదు" అంటిని. ఆమె చాలసేపు పలుకలేదు. పిమ్మట "నిజం చెప్పావు కాబట్టి బండి అమ్మమని అనను. కాని ఇకమీద నీ లెక్క ఒక్కటే నాకు చాలదు. ఆ భాయి సరే అంటేనే వాడు ఎక్కాలి" అనెను.

ఎముక అతుకుకొను దినములలో నేను భాయి షెడ్డులో శిష్యుడనై కూర్చుంటిని. ఆసుపత్రిలో రోగులను త్రోయు బండి చక్రములను మీరు చూచియుందురు. చక్రము నేలను తాకు చోటు, అది తిరుగు నిలువు కడ్డీకి వెనుక నుండును. అందుచేతనే త్రోసినప్పుడు చక్రము తనంతట తిన్నబడును. మోటారు సైకిలు ముందు చక్రమును తిన్నగా నిలుపు కారణములలో ముఖ్యమైన దిదియే. హ్యాండిలు తిరుగు వాలుగీతను నేలదాక పొడిగించినచో, చక్రము నేలను తాకు చోటు దానికి వెనుకనుండవలెను. ఈ దూరమును మెకానిక్కులు ట్రెయిలు అందురు. మేస్త్రీలు గోడ నిలువు చూచు తూకపుగుండును ఇరుసు నుండి వ్రేలాడదీసి, వాలుగీత వెంబడి దారము లాగి, నేలపై సుద్దతో గుర్తులు పెట్టి కొలిచితిమి. మార్చని బండి నొకదానిని తెచ్చి అట్లే కొలిచితిమి. మా బండిలో ఆ దూరము మూడవ వంతుకు పైగా తగ్గియుండెను. చక్రము చిన్నదగుటచే కొంత, ముక్కు వంగుటచే కొంత తగ్గినది. బ్రేకు పట్టి మెత్తని స్ప్రింగులు కూలబడినప్పుడు మిగిలినదియు తగ్గిపోయెను. నేను వంపును లెక్కించితిని గాని, వంపు ఏమి చేయునని యడుగలేదు.

తరువాత చేసినది చెప్పుట సులభము. గొట్టములను మరల క్రిందికి జరిపితిమి. వెనుక షాకబ్సార్బరు లింకు పట్టీలను మార్చి వెనుక భాగమును కొంత దించితిమి. ముందు గట్టి స్ప్రింగులు, చిక్కని నూనె వేయించితిమి. ప్రతి మార్పు పిమ్మట తూకపుగుండు, దారము, సుద్ద. వెనుక చక్రము చిన్నదగుటచే ఒక చుట్టునకు పోవు దూరము నూటికి మూడు వంతులు తగ్గినందున, చైను పండ్లచక్రము మార్చితిమి. హ్యాండిలును క్రిందికి, కాలి మెట్లను వెనుకకు పైకి మార్చితిమి. పగిలి బాటపై పడునట్టి దీపములు, అద్దములు తీసివేసితిమి. నూనె మర ఊడకుండ తీగతో కట్టితిమి. ఇట్లు మార్చిన బండి రహదారిపై నడుపుటకు తగదు; 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను అట్టి మార్పులను ఒప్పదు. కావున దానిని చిన్న ట్రక్కుపై నెక్కించి సుమారు 200 కిలోమీటర్లు తీసికొనిపోతిమి. తెల్లవారుజామున షోలవరము దాటునప్పుడు మా తండ్రిగారు జ్ఞప్తికి వచ్చిరి.

అది పందెము కాదు, అభ్యాసపు దినము. మా బండి 200 సి.సి.ది, తిన్నని భాగమున ప్రతివాడును దానిని దాటిపోయెను. నేను గడియారము చూడలేదు. బ్రేకు పట్టు మలుపునొద్ద కంచె ప్రక్క నిలుచుండి వాని చేతులనే చూచితిని. ప్రతి చుట్టునను ముందు భాగము కొంచెము వంగెను, హ్యాండిలు కదలలేదు. నా ప్రక్క భాయి చుట్లు వ్రేళ్లపై లెక్కించుచుండెను. సాయంకాలము వదినగారికి ఫోను చేసితిని. ఎంత వేగము పోయెనని ఆమె యడుగలేదు. "దిగాడా?" అనెను. "దిగాడు వదినా" అంటిని.

విద్యార్థులారా, మీలో పలువురు కట్టల త్రోవలనుండి వచ్చినవారు. రేపు పట్టణపు కళాశాలలకు పోవుదురు. గుబ్బల టైరు తక్కువది కాదు. కట్టమీద దానికి మించినది లేదు. బాట మారినప్పుడు నేలను తాకునదంతయు మారవలెను, లోపలి యింజనును మార్చనక్కరలేదు. ఒకటి మార్చినచో దానితో కూడ ఇంకేమి మారునో అడుగుడు. అడుగునప్పుడు చేతులకు గ్రీజు అంటినవానిని అందరికంటె ముందుగా అడుగుడు.

తూకపుగుండు ఇప్పుడు మన తరగతిలో నల్లబల్ల ప్రక్కన వ్రేలాడుచున్నది. అది ఎందుకని యడిగినవారికి ఇదియే సమాధానము. ఇక మా పిల్లవాడు రొయ్యల గుంటల కట్టలపైకి పాత త్రొక్కుడు సైకిలు మీద పోవుచున్నాడు.