పడవ దిగిన తాతయ్య

"అందరూ దిగండి!"

పెద్దాయన గొంతు రేవులో ఉన్న అందరికీ వినిపించింది. మే నెల ఆదివారం, విజయవాడలో కృష్ణ ఒడ్డు. సెలవులకు హైదరాబాద్ నుంచి కూతురు, అల్లుడు, పదేళ్ల మనవడు వచ్చారు. రెండు రోజులు నూజివీడు తోటలో చినరసాలు జుర్రుకున్నాక మనవడికి బోటు షికారు మీద మనసు పోయింది. పొద్దున్నే బయల్దేరారు. టిక్కెట్లు కొన్నారు. సీట్లలో కూర్చున్నారు. అల్లుడు సెల్ఫీ కూడా తీశాడు. అప్పుడు లేచాడు పెద్దాయన.

లేచేముందు ఆయన రెండు లెక్కలు వేసుకున్నాడు. తలలు ఎన్ని? లైఫ్ జాకెట్లు ఎన్ని? తలలే ఎక్కువ. ఉన్న జాకెట్లు కూడా ఓ మూల తాడేసి కట్టేసి ఉన్నాయి. "అవి తీసి అందరికీ ఇవ్వు బాబూ" అంటే బోటు నడిపే కుర్రాడు నవ్వాడు.

"ఏం కాదు పెద్దాయనా, రోజూ తిప్పేదేగా!"

ఆ మాటతోనే ఆయన మనవడి చెయ్యి పట్టుకున్నాడు. అల్లుడి ముఖం మాడిపోయింది. "నాన్నా, అందరూ చూస్తున్నారు" అని కూతురు గొణిగింది. మనవడు ఏడ్చేశాడు. టిక్కెట్ల డబ్బులు తిరిగి రాలేదు.

గంట గడవకముందే ఆ బోటు తిరిగొచ్చింది. వెళ్లినవాళ్లంతా నవ్వుకుంటూ దిగారు. ఒడ్డున చెరుకురసం తాగుతున్న మనవడు అది చూశాడు.

"ఏం కాలేదుగా తాతయ్యా!"

ఆయన దగ్గర జవాబు లేదు. నూజివీడు చేరేదాకా కారులో ఎవరూ మాట్లాడలేదు.

నీళ్లంటే ఆయనకు భయమేమీ లేదు. తల్లి పుట్టిల్లు కొల్లేటి లంకల్లో. చిన్నప్పుడు సెలవులన్నీ అక్కడే. తాటిమానుతో చేసిన దోనెలో తిరిగేవాడు, గెడ వేయడం నేర్చుకున్నాడు. దోనెలో లేచి నిలబడితే మాత్రం మేనమామ వీపు విమానం మోత మోగించేవాడు. "అడుగున కూర్చో. అటూ ఇటూ కదలకు. బోల్తా పడితే దోనెను వదలకు, ఒడ్డు దగ్గరే ఉందని ఈదబోకు" అనేవాడు. ఆయనకు తెలిసిన మొదటి నౌకాశాస్త్రం అదే.

ఆ మాటలు మళ్లీ గుర్తొచ్చింది 2017లో. ఆ ఏడాది నవంబరు 12, కార్తీకమాసపు ఆదివారం. ఇబ్రహీంపట్నం దగ్గర పవిత్ర సంగమానికి వస్తున్న బోటు కృష్ణలో తిరగబడింది. ఇరవై మందికి పైగా పోయారు. ఎక్కువమంది ఒంగోలు నుంచి సరదాగా వచ్చినవాళ్లు. ఆ బోటుకు అనుమతి లేదు. చాలామంది ఒంటిమీద జాకెట్టూ లేదు. పెద్దాయన భార్య అప్పట్నుంచి కార్తీక దీపాన్ని నదిలో వదలడం మానేసింది. పెరట్లో నీళ్లతొట్టిలోనే వదులుతోంది. ఈ ఆదివారం కూడా ఆమె రేవుకు రాలేదు.

రెండేళ్లు తిరక్కుండానే, 2019 సెప్టెంబరు 15న, పాపికొండలు చూడబోయిన బోటు కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో మునిగింది. దాన్ని అక్టోబరు 22న గానీ పైకి తీయలేకపోయారు.

కచ్చులూరు తర్వాతి సంక్రాంతికి, ఓడల్లో పనిచేసే మేనల్లుడు ఇంటికొస్తే పెద్దాయన కూర్చోబెట్టి అడిగాడు. "నీళ్లమీద కూడా రూల్సు ఉంటాయట్రా?" ఆ రోజు నేర్చుకున్నది ఈ సాయంత్రం మనవడి కోసం బయటికి తీశాడు.

వరండాలో మామిడికాయల రాశి ఉంది. అందులోంచి రెండు కలెక్టరు కాయలు ఏరాడు. ఆ కాయకు చివర ముక్కుంటుంది కదా... అదే పడవ ముందుభాగం. గచ్చుమీద రెండింటినీ ఎదురెదురుగా పెట్టాడు.

"రోడ్డుమీద మనం ఎటుపక్క వెళ్తాం?"

అలిగి కూర్చున్నవాడు ముక్తసరిగా అన్నాడు. "ఎడమపక్క."

"నీళ్లమీద కుడిపక్క!"

మనవడు తలెత్తాడు. పేపరు చదువుతున్న అల్లుడు కూడా.

ఓడలన్నిటికీ ఒకే పద్ధతి ఉండాలని దేశాలు 1972లో ఒప్పుకున్న నిబంధనలివి. 1977 నుంచి అమల్లో ఉన్నాయి. రెండు మరపడవలు ఎదురెదురుగా వస్తే రెండూ కుడికి తిరగాలి. అడ్డంగా వస్తుంటే, తన కుడివైపు నుంచి వచ్చేదానికి దారి ఇవ్వాలి. దాటిపోయేవాడే పక్కకు తప్పుకుని దాటాలి. హారన్ ఒకసారి పొట్టిగా మోగితే 'కుడికి తిరుగుతున్నా' అని. రెండుసార్లయితే ఎడమకు. మూడుసార్లయితే ఇంజను వెనక్కి తిప్పుతున్నా అని. ఐదుసార్లు మోగితే... 'నువ్వేం చేస్తున్నావో నాకు అర్థం కావట్లేదు' అని!

మనవడు ఫక్కున నవ్వాడు.

"రాత్రిపూట పడవకు ఎడమవైపు ఎర్రదీపం, కుడివైపు పచ్చదీపం. ఎదురుగా రెండూ ఒకేసారి కనిపించాయనుకో, అది తిన్నగా నీ మీదికే వస్తోందన్నమాట."

"బ్రేకు వేస్తే సరిపోదా?"

"పడవకు బ్రేకుండదురా. ఇంజను ఆపినా కొంతదూరం పోతూనే ఉంటుంది. అందుకే రేవుకు మెల్లగా, ప్రవాహానికి ఎదురు తిరిగి రావాలి."

అల్లుడు పేపరు మడిచి పక్కన పెట్టాడు. "మరి అవన్నీ నడిపేవాడికి మావయ్యగారూ. ఎక్కేవాళ్లం మనమేం చెయ్యగలం?"

"మనవీ ఉన్నాయి బాబూ. ట్రాక్టరు ట్రక్కులో కాయ ఎత్తుతాం. మలుపులో బరువంతా ఒకపక్కకు ఒరిగితే ఏమవుతుంది? పడవలో ఆ బరువు మనమే. ఫొటో కోసం అందరం ఒకపక్కకు పరిగెత్తితే చాలు."

1917 నాటి పాత చట్టం పోయి 2021లో కొత్తగా ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం వచ్చింది. రిజిస్ట్రేషను, తనిఖీ, ప్రాణరక్షణ సామగ్రి... అన్నీ అందులో ఉన్నాయి. కానీ జాకెట్టు ఏదని ఆ క్షణాన రేవులో అడగాల్సింది ఎక్కేవాడే. తొడుక్కుని పట్టీలు బిగించుకోవాల్సిందీ వాడే. పడవ తిరగబడ్డాక వెతుక్కునే వస్తువు కాదది.

"కానీ తాతయ్యా, మనం దిగకపోయినా ఏం అయ్యేది కాదుగా?"

పొద్దుటి ప్రశ్నే మళ్లీ. పెద్దాయన ఈసారి తప్పించుకోలేదు.

"అయ్యేది కాదేమో. తోటలో పూత మీద తేనెమంచు పురుగుకు మందు కొడతాం. కాపు బాగా వస్తుంది. మందువల్ల వచ్చిందా, కొట్టకపోయినా వచ్చేదా? ఎవరు చెప్తారు? అలాగని కొట్టడం మానేస్తే, పూతంతా మాడిపోయిన ఏడాదిగానీ తెలియదు. తోటయితే మళ్లీ ఏడాదికి పూస్తుంది."

ఆ తర్వాత ఆయన ఏమీ అనలేదు. అనక్కర్లేకపోయింది.

సెలవులు అయిపోయేలోపు మళ్లీ వెళ్లారు. ఈసారి వేరే బోటు. అమ్మమ్మ రేవుదాకా వచ్చింది, బోటు మాత్రం ఎక్కనంది. మనవడు సీట్లో కూర్చోకముందే వేలు చూపిస్తూ లెక్కపెట్టాడు. జాకెట్లు అందరికీ సరిపోయాయి. రెండు మిగిలాయి కూడా.

"ఓకే" అని తల ఊపి తాతయ్య వైపు తిరిగాడు. ఒక్క క్షణం కిందికీ పైకీ చూశాడు.

"తాతయ్యా... కింది పట్టీ పెట్టుకోలేదు నువ్వు!"