అటక మీది ఆంప్లిఫయర్

ఈసారి పంట గురించి కాదు, ఏమనుకోకండి.

ఇంటర్ రోజుల్లో ఎల్‌ఏ 4440 ఐసీతో ఒక ఆంప్లిఫయర్ కట్టా. 12 వోల్టులు చాలు దానికి, ట్రాక్టర్ బ్యాటరీ మీద కూడా పాడుద్ది. నాన్న రేడియోలో పాడిపంటలు దాన్లోనే వినేవాడు. తర్వాత రెండేళ్లు వరసగా పత్తి పోయింది. అప్పులోళ్లు గుమ్మంలో ఉంటే పాటలేంటని నేనే దాన్ని అటకెక్కించా. నాన్న ఒక్క మాటా అనలేదు.

మొన్న ఇంటికి సున్నం వేయిస్తుంటే బయటపడింది. విప్పి చూస్తే ఫిల్టర్ కెపాసిటర్ ఉబ్బిపోయి ఉంది. 12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ కరెంటు డీసీ అయ్యాక 16 దాకా పోద్ది, అందుకే 25 వోల్టులది తెచ్చి వేశా. ప్లస్ మైనస్ చూసుకోవాలి, తిరగేస్తే పేలుద్ది.

పాట వచ్చింది గానీ, వెనకాల గుయ్యిమని ఒకటే మోత. రెండు రాత్రులు వెతికా. గ్రౌండ్ వైర్లన్నీ అప్పట్లో ఎక్కడివక్కడ అతికించేశా. అన్నిటినీ తెచ్చి ఫిల్టర్ కెపాసిటర్ మైనస్ దగ్గర ఒకే చోట కలిపి, ఇన్‌పుట్‌కి షీల్డు వైరు వేశా. మోత పోయింది.

అంటే నాన్న అన్నాళ్లూ ఆ మోతలోనే విన్నాడు. ఒక్కసారి కూడా వంక పెట్టలేదు. ఇప్పుడు బాగుచేశా, ఆయన లేడు. అమ్మ వింటోంది.

మీ అటక మీద కూడా ఏదన్నా ఉంటే దించండి. ముందు ప్లగ్గు పీకి, తర్వాతే మూత తీయండి. వినేవాళ్లు ఉండగానే చేయండి.