సముద్రతీరాన గుడారము, దాని చెంత ఒక బురుజు

ఉద్యోగరీత్యా ఇంగ్లాండులో ఉంటున్న మేము వచ్చే వేసవి సెలవుల్లో ఫ్రాన్సు దక్షిణ తీరాన వారం రోజులు గుడారంలో గడపాలని తీర్మానించుకున్నాము. ఐదుగురికి హోటలు ఖర్చు భరించలేము. అయినా, విశ్వాసులకు తండ్రియైన అబ్రాహాము గుడారాల్లోనే నివసించాడు గదా!

మేము ఎంచుకున్న ఊరు ల గ్రో-ద్యు-రువా. మధ్యధరా సముద్రపు ఒడ్డున ఉన్న చేపల రేవు అది. పక్కనే ఎస్పిగెత్ అనే విశాలమైన ఇసుక తీరం. అక్కడ ఆటుపోట్లు చాలా తక్కువ. అయినా రక్షకులు కాపలా ఉన్న చోటనే పిల్లలను నీళ్ళలోకి దింపుతాము. గుడారాలు వేసుకునే తోటల్లో కుళాయిలు, స్నానపు గదులు ఉంటాయి. జూలై, ఆగస్టుల్లో ఫ్రాన్సు బడులకు కూడా సెలవులు గనుక చలికాలంలోనే స్థలం రిజర్వు చేసుకోవాలి.

లండను నుండి సముద్రం అడుగున సొరంగం గుండా రైలులో పారిస్ చేరతాము. అక్కడ స్టేషను మారితే నీమ్ నగరానికి సుమారు 3 గంటలు. ఆపైన చిన్న రైలు.

గాలి బలంగా వీస్తుంది గనుక గుడారానికి పొడవైన మేకులు కావాలి. కమార్గ్ చిత్తడి నేలలు దగ్గరే గనుక దోమల మందు తప్పనిసరి. ఎండాకాలం కార్చిచ్చు భయం వల్ల కట్టెల మంట వేయరాదు. బియ్యం మాత్రం మోయనక్కరలేదు. కమార్గ్‌లో వరి పండుతుంది! ఈ మాట విని మా ఇంట్లో అందరూ సంతోషించారు.

అయితే మమ్మును ఆ తీరానికి లాగినది వేరొకటి. కొద్ది మైళ్ళ దూరంలో ఏగ్-మోర్త్ అనే కోట ఊరు, అందులో కాన్‌స్తాన్స్ బురుజు ఉన్నాయి. 1685లో 14వ లూయీ రాజు ప్రొటెస్టెంటు ఆరాధనను నిషేధించాడు. రహస్యంగా వాక్యము బోధించే ఒక సేవకుని చెల్లెలు మరీ ద్యురాన్‌ను 1730లో ఈ బురుజులో బంధించారు. 1732లో ఆమె అన్నను ఉరితీశారు. తన విశ్వాసాన్ని విడిచానని చెబితే ఆమెకు విడుదల దొరికేది. ఆమె చెప్పలేదు. 38 సంవత్సరాల తరువాత 1768లో బయటికి వచ్చింది. బురుజులోని రాతిపై "ఎదిరించి నిలువుము" అనే అర్థమిచ్చే ఒక్క మాట చెక్కి ఉంది. అది ఆమె చేతిరాతేనని చెప్పుకుంటారు.

చెరలో పడేనాటికి ఆమెకు సుమారు 19 ఏళ్ళు. మా పెద్దమ్మాయి వయస్సు కూడా అంతే. "ఒక్క మాట పైకి అనేసి, మనసులో దేవుణ్ణి ఉంచుకుంటే సరిపోయేది కదమ్మా?" అని మా అమ్మాయి అడిగింది. కాలేజీలో, స్నేహితుల మధ్య, తాను దినదినము ఎదుర్కొనే ప్రశ్నే అది. ఇంట్లో కూర్చుని చెప్పే జవాబు చాలదని మాకు తోచింది. అందుకే సముద్రస్నానం రెండవ రోజుకు జరిపాము. మొదటి రోజు అందరము ఆ బురుజు మెట్లు ఎక్కుతాము. ఆ రాత్రి గుడారంలో హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 11వ అధ్యాయం మా అమ్మాయి చేతనే చదివిస్తాము.

సెలవులు దేవుడిచ్చిన విశ్రాంతి. పిల్లల ప్రశ్నలకు తీరికగా చెవి ఒగ్గగల కాలము కూడా అదే. మా ప్రయాణము కొరకు ప్రార్థించండి.